నల్లరంగు డబ్బాలు రెండు

రాంగోపాల్‌పేట్, సికింద్రాబాద్
మే 18

దుర్గేషన్నకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరూ పోలేదు. మొన్న ఫోన్‌లో మనం నాలుగు నిమిషాల్లో పోట్లాడుకున్నాం, ఐదో నిమిషంలో నువ్వు మన మంగళవారం గ్రూపులోంచి వెళ్ళిపోయావు. అప్పుడే నాకు తట్టింది. కాగితం మీదయితే పోట్లాటకు కనీసం నాలుగు రోజులు పడుతుంది, ఆ లోపల ఇద్దరం అన్నం తిని, నిద్రపోయి లేస్తాం. విశాఖపట్నం పోర్టులో ఆర్నెల్ల డ్యూటీ అని పోయావు కదా, నీ క్వార్టర్స్ అడ్రసు ఏ.ఎస్. రావు నగర్ పోయి మీ చెల్లెలి దగ్గర తీసుకున్నాను. పోస్టాఫీసులో స్టాంపు అడిగితే కౌంటర్‌లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి "రాఖీ పంపుతున్నరా" అంది. మే నెలలో రాఖీ ఏమిటో.

మంచి కబురు ముందు. ఆగస్టు తొమ్మిదిన మారేడ్‌పల్లిలో హాలు ఖాయమయింది. రెండు వందల కుర్చీలు. యామిని బ్యాంకు నుంచి పరుగున వచ్చి చెబితే డాబా మీద అందరం గంతులేశాం. ఇన్నేళ్ళూ ఆమె డాబా మీద ముప్ఫై మంది ముందు ఆడుకున్న మన గే, లెస్బియన్, ట్రాన్స్ జనానికి ఈసారి నిజం స్టేజీ, నిజం లైట్లు. నేను అప్పుడే పదకొండు డ్రెస్సులు కత్తిరించేశాను. బ్యాండు మేళం యూనిఫారాలు మూలన పడ్డాయని నాన్న ఒకటే గొడవ. "పెండ్లిళ్ళ సీజన్ల గివేం కుడుతున్నవ్‌ర" అంటాడు. నవ్వి ఊరుకుంటున్నాను. రెండు కాళ్ళూ నేల మీద ఆనడం లేదన్నా.

ఇప్పుడు అసలు సంగతి. నీ 'ఆఫ్రికా రాణి' ఐటం ఈసారి వద్దు. ఒంటికి నల్లరంగు పూసుకుని, ఉంగరాల విగ్గు పెట్టి, గడ్డి పావడా కట్టి నువ్వు ఊగుతుంటే ఐదేళ్ళుగా ఈలలు పడుతున్న మాట నిజమే. కానీ ఇప్పుడు మన మందిలో జుమా ఉన్నాడు. టాంజానియా నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చాడు. అల్వాల్‌లో విమలమ్మ గారని ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకుంటాడు. తెలుగు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి అరవై ఏళ్ళ ఆడమనిషిలా మాట్లాడతాడు. మొదటిరోజు డాబా ఎక్కి మమ్మల్ని చూసి "ఏం బిడ్డా, మంచిగున్నరా" అన్నాడు. యామిని నవ్వలేక కూలబడింది. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. టీలో పంచదార మూడు చెంచాలు.

పోయిన మంగళవారం డాబా మీద అందరం కూర్చున్నప్పుడు ఎవరో నీ పాత వీడియో పెట్టారు. జుమా రెండు నిమిషాలు చూశాడు, లేచి చెప్పులు వేసుకుని దిగిపోయాడు. మనసు మనసులో లేదు నాకు. ఐటం తీసేయ్ అన్నా. దాని బదులు నువ్వు ఏది అడిగితే అది కుట్టి పెడతాను.

నీ తమ్ముడు
హరి

*

విశాఖపట్నం
మే 27

చిరంజీవి హరికిషన్‌ను అన్న దుర్గేష్ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. ఆశీర్వాదం అయిపోయింది, ఇక తిట్లు.

ఒరే, ఆ ఐటం ఎవరి బుర్రలో పుట్టింది? మీ షాపులో బ్యాండు డ్రెస్సుల కుచ్చులు మిగిలిపోతే "అన్నా, వీటితో గడ్డి పావడా చేస్తా, నువ్వు ఆఫ్రికా రాణివి అయిపో" అన్నది ఎవరు? రంగు డబ్బాలు తెచ్చింది ఎవరు? ఇవాళ నువ్వు సాధువ్వి, నేను పాపినా?

మనకు పరిచయం ఎలా అయిందో కూడా మర్చిపోయినట్టున్నావు. యాప్‌లో నీ ప్రొఫైల్ నాకిప్పటికీ కంఠతా వచ్చు. 'తెల్లగా ఉన్నవాళ్ళు మాత్రమే. ఆడంగి నడకలు వద్దు. ఆంధ్రా యాస అసలే వద్దు.' మూడింట్లోనూ ఫెయిలైన నేను నిన్ను తిట్టడానికే మెసేజీ పెట్టాను. ఆ తిట్లే ముదిరి ఏడేళ్ళ స్నేహమయ్యాయి. పోనీ, ఏటా నువ్వు 'ఆయ్, అండీ' అంటూ కాకినాడ పెళ్ళికూతురి వేషం కట్టి, అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడి జనాన్ని నవ్విస్తావే, అప్పుడు నేను చెప్పులేసుకుని దిగిపోయానా? ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

నేను రాణి అన్నాను గాని దాసి అనలేదు. నాకు ఏడాదికి ఒక్క సాయంత్రం రా. మిగతా రోజులన్నీ కంటైనర్ల నంబర్లు రాసుకునే గుమాస్తాని. ఆ ఒక్క సాయంత్రం రెండు వందల మంది ముందు, నిజం లైట్ల కింద అని నువ్వే ఊరిస్తావు, నువ్వే వద్దంటావు.

అన్నట్టు, నీ ఉత్తరంలో ఐటం గురించి నాలుగు ముక్కలూ ఆ జుమా గురించి బారెడూ ఉంది. ఆయన టీలో పంచదార నాకెందుకు? ఏమిట్రా కథ?

దుర్గేష్

*

రాంగోపాల్‌పేట్
జూన్ 6

దుర్గేషన్నకు,

కనిపెట్టేశావు, ఇంక దాచి ఏం లాభం. అవునన్నా. మార్చి నుంచి. ఆదివారాలు షాపుకు వచ్చి నా పక్కన కూర్చుని గుండీలు కుడతాడు, నాకంటే సాఫుగా కుడతాడు. వాళ్ళమ్మ స్కూలు టీచరు. డాన్స్ అంటే భయం, ఊరేగింపు డప్పు వినబడితే షాపు లోపలికి వచ్చేస్తాడు. బస్సు బోర్డులు చూపించి నేనే తెలుగు అక్షరాలు నేర్పాను. ముప్ఫై ఏళ్ళు వస్తున్నాయి, ఇంత సంతోషం నాకు కొత్త. ఎవరికీ చెప్పుకోలేక ఇన్నాళ్ళూ ఒంటరిగా మురిసిపోయాను. నీకు ముందే చెప్పాల్సింది.

ఇప్పుడు అదే చేజారేలా ఉంది. నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. ఐటం నా ఆలోచనే. నాకు గుర్తు లేక కాదు. జుమా డాబా దిగిపోయిన మర్నాడే అల్వాల్ పోయి, "అదంతా దుర్గేషన్న చేసిందే, నేను వద్దంటూనే ఉన్నా" అని నీ మీదికి తోసేశాను. అతను నమ్మాడు. తరువాతి ఆదివారం మామూలుగా వచ్చి, దారం కోసం రేకు పెట్టె తెరిచాడు. అడుగున నీ పావడా మూట. దాని మీద నేను అంటించిన చీటీ. 'ఆఫ్రికా రాణి. నల్లరంగు డబ్బాలు రెండు.' ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడన్నా. "గిది నువ్వు రాసినవా బిడ్డా" అని అడిగాడు. రాశానన్నాను.

ఫోన్ తీసి యాప్‌లో తనకు వచ్చిన మెసేజీలు చూపించాడు. నలభై దాకా ఉన్నాయి, అన్నీ మనవాళ్ళవే, రెండు మూడు మన డాబా మీద కూర్చునే వాళ్ళవి. సగం మంది 'నల్లవాళ్ళు వద్దు' అన్నారు. మిగతా సగం ఒంటి కొలతలు అడిగారు, నేను బ్యాండువాళ్ళను కూడా అన్ని కొలతలు అడగను. పేరు అడిగినవాడు ఒక్కడూ లేడు. "నువ్వు ఒక్కనివే పేరు అడిగినవ్. గిప్పుడు నువ్వు సుత గిట్లనే అంటే నేను ఆలోచించాలె" అన్నాడు.

రాణి అన్నాను, దాసి అనలేదు అన్నావు. నేనూ అదే అన్నాను అతనితో. "షో అయినంక మీ అన్న కడుక్కుంటడు. నేనేం కడుక్కోవాలె" అని అడిగాడు. దీనికి జవాబు నీకు దొరికితే రాయి.

కాకినాడ పెళ్ళికూతురు ఈ ఏడాది లేదు, వచ్చే ఏడాదీ లేదు. నిజం చెప్పన్నా, ఆ చప్పట్లు మనస్ఫూర్తిగానే కొట్టావా?

హరి

*

విశాఖపట్నం
జూన్ 15

హరీ,

లేదు. మనస్ఫూర్తిగా కొట్టలేదు. ఒకసారి మా అమ్మకు చూపిద్దామని నీ వీడియో తీసి, ఇంటికెళ్ళాక డిలీట్ చేశాను. నీకు చెబితే 'అన్నకు జోకు కూడా పడదు' అంటావని ఊరుకున్నాను.

అతని ప్రశ్నకు నాకూ జవాబు దొరకలేదు. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, యామినికి ఫోన్ చేసి పోస్టర్‌లోంచి రాణిని తీసెయ్యమన్నాను. సరేనా. నీ జుమాకు చెప్పు.

ఇప్పుడు విను, ఒళ్ళు జలదరించే ఐడియా వచ్చింది. పోతరాజు! లష్కర్ బోనాలకు మీ తుకారాం మామ అమ్మవారి ఘటం ముందు ఆడటం మీ గల్లీలో నిలబడి ఏటా చూస్తూనే ఉన్నాను కదా. ఒళ్ళంతా పసుపు, దాని మీద మెరుపులు జల్లుదాం. ఎర్ర గోచీకి చమ్కీ అంచు, కాళ్ళకు గజ్జెలతో పాటు ఎత్తు మడమల చెప్పులు, చేతిలో కొరడా. లైట్లు ఆర్పి, డప్పు ఒక్కటి మోగించి, నా మీద పసుపు లైటు వేస్తే హాలు లేచిపోతుంది. ఇదయితే ఆఫ్రికా కాదు, మన సికింద్రాబాదే. ఎవరూ నొచ్చుకోరు. ఆఫీసులో టేబుల్ కింద కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి.

కొలతలు పోయినేడాదివే. వెంటనే మొదలుపెట్టు.

దుర్గేష్

*

రాంగోపాల్‌పేట్
జూన్ 24

దుర్గేషన్నకు,

నేను కుట్టను.

ఎవరూ నొచ్చుకోరని ఎలా అనుకున్నావు? ఏటా మా ఇంట్లో బోనాల నాడు కూర్చుని తలకాయ కూర తిన్నావు, మామ ఆ ముందు రోజుల్లో ఏం తింటాడో ఎప్పుడైనా అడిగావా? ఒంటిపూట భోజనం, నేల మీద పడక, చెప్పుల్లేని నడక. వాళ్ళ నాన్న మొక్కు అది, ఆయన పోయాక మామ ఎత్తుకున్నాడు. ఇరవై రెండేళ్ళు. ఆ పసుపు రాసేటప్పుడు మా అత్త మాట్లాడదు. దాని మీద మెరుపులు జల్లుతావా? ఎత్తు మడమలు వేస్తావా? ఆ కొరడాను పట్టుకుని హాల్లో నువ్వు ఏ రకంగా ఊగుతావో నాకు తెలియదా?

మీ ఇళ్ళల్లో మా పండగను మోటు పండగ అనేవాళ్ళు. మీ బాబాయి నా ఎదురుగానే అన్నాడు. ఇన్నాళ్ళకు స్టేజీ మీద బాగుంటుందని కావలసి వచ్చిందా?

ఇంత కటువుగా రాస్తానని నేనూ అనుకోలేదు. ఇక్కడ డప్పులు షురూ అయ్యాయి, గల్లీకి సున్నాలు వేస్తున్నారు, ఊరంతా ఊపులో ఉంది. నేను మాత్రం నీ ఉత్తరం పట్టుకుని పరేషాన్‌గా ఉన్నాను.

హరి

*

విశాఖపట్నం
జూలై 3

హరీ,

అయితే నేనేం కట్టుకోవాలో నువ్వే చెప్పు. ఆఫ్రికా నాది కాదు. తెలంగాణ నాది కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటున్నా మేం బయటివాళ్ళమే. ఇక నాకు మిగిలింది కాకినాడ కాజా. అది నెత్తిన పెట్టుకుని ఆడమంటావా?

ఈ ముక్క రాసి మూడు రోజులు పక్కన పెట్టాను. నువ్వన్నట్టు అన్నం తిని, నిద్రపోయి లేచాను. బాబాయి మాటకు నేను అప్పుడే అడ్డు చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పే.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పనిది చెబుతాను. నన్ను నువ్వు ఎప్పుడైనా మేకప్పు లేకుండా చూశావా? ఆలోచించు. డాబా మీదికి కూడా ఫౌండేషన్ రాసుకునే వచ్చేవాణ్ణి, నా రంగు కంటే మూడు మెట్లు తెల్లది. నేను బాగా నల్లవాణ్ణిరా. మా ఇంట్లో చెల్లెలు పచ్చగా పుట్టింది. నన్ను చూసి చుట్టాలు "కుర్రాడు కదా, ఫర్వాలేదులెండి" అని మా అమ్మను ఓదార్చేవారు. ఏడో తరగతిలో పుట్టినరోజుకు పసుపుపచ్చ చొక్కా అడిగాను. బట్టల షాపులో అందరి ముందూ అమ్మ "నల్లోడివి, పసుపు వేసుకుంటే కొట్టొచ్చినట్టు కనబడతావు నాన్నా" అని బూడిదరంగు కొంది. ప్రేమగానే అంది. అప్పటినుంచి నేను కొన్నవన్నీ బూడిదరంగే.

ఐదేళ్ళ కిందట నువ్వు ఆ నల్లరంగు పూశావు. డాబా మీద అందరి ముందూ నల్లగా నిలబడితే జనం ఈలలు వేశారు. నల్లగా ఉన్నందుకు నాకు చప్పట్లు పడటం అదే మొదలు. అది నా రంగు కాదని, నవ్వు కోసమే వేశారని తెలుసు. అయినా తీసుకున్నాను. వేరే మనిషి ముఖం తొడుక్కుని నా చప్పట్లు నేను కొట్టించుకున్నాను. జుమా లేచిపోయాడని విన్నప్పుడు నాకు కోపం వచ్చింది అతని మీద కాదు, దొరికిపోయానని.

పోతరాజు కూడా అంతే. నాకు కావలసింది కొరడా కాదు, ఆ పసుపు. మీ మామకు చెప్పకు.

ఈ ఏడాది నేను రాను. యామినికి చెబుతాను.

దుర్గేష్

*

రాంగోపాల్‌పేట్
జూలై 16

అన్నా,

నీ ఉత్తరం బోనాలకు మూడు రోజుల ముందు అందింది. చదివి షాపు షట్టరు సగం దించి ఏడ్చాను. ఏడేళ్ళలో నిన్ను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు, కొలతలు మాత్రం తీసుకున్నాను.

నేనూ నీకు ఒకటి చెప్పాలి. నీకు పోతరాజు గురించి అంత నీతి రాసి, ఆ ఉత్తరం డబ్బాలో వేసిన రోజు సాయంత్రమే నేను చేసిన ఘనకార్యం ఇది. మామకు మోకాలు వాచింది, ఈసారి ఎవరు ఆడతారని ఇంట్లో బెంగ. నాకు ఒక్కసారిగా ఊపొచ్చింది. నువ్వు రాణిని తీసేశావన్నాక కొంచెం మెత్తబడిన జుమాను షాపుకు పిలిచి, మామ ఎదుటే, "నీ ఎత్తు, నీ భుజాలు, ఆ ఒంటికి పసుపు రాస్తే గల్లీ మొత్తం దండం పెడుతుంది, నువ్వే మా పోతరాజువి" అన్నాను. మా ఇంటి మర్యాద అతనికి ఇస్తున్నాననుకుని ఉబ్బిపోయానన్నా. డప్పుకే భయపడే మనిషి అతను. అది నాకు తెలుసు కూడా.

జుమా సూది కింద పెట్టాడు. "గా నలభై మెసేజులల్ల గిది నలభై ఒకటి" అని లేచిపోయాడు.

మామకు మెసేజీల సంగతి తెలియదు, కానీ మనిషి ముఖం చూసి అంతా గ్రహించాడు. "ఒళ్ళు జూసి పోతరాజును పెడ్తరార? మొక్కు ఉండాలె. నేనేమన్న పహిల్వాన్‌నా, మా నాయిన జేసిండు గాబట్టి జేస్తున్న. నీ దోస్తును నీకేం ఇష్టమని అడిగినవా జెర?" అన్నాడు. దోస్తు అన్న మాట దగ్గర కొంచెం ఆగి, నా వైపు చూసి మరీ అన్నాడు. మామకు ఎంత తెలుసో నాకు తెలియదు.

ఆ తరువాత ఆదివారాలు జుమా షాపుకు రాలేదు. బోనాల నాడు మామ మోకాలికి పట్టీ కట్టుకుని తనే ఆడాడు. ఏం ఆడాడన్నా, గల్లీ గల్లీ ఊగిపోయింది. విమలమ్మ గారు అల్వాల్ నుంచి బోనం తెచ్చుకున్నారు, వెనకాలే ఆవిడ గొడుగూ మందుల సంచీ పట్టుకుని జుమా. డప్పుల హోరుకు బెదిరి మా షాపు చూరు కిందికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను అప్పుడే చెప్పాను, చీటీ నాది, ఐటం నాది, నలభై ఒకటోదీ నాదే, దుర్గేషన్న మీదికి తోసింది అబద్ధం అని. హోరులో అరిచి చెప్పాల్సి వచ్చింది, సగం గల్లీ విన్నది. "కోపం పోలే" అన్నాడు. సంచి మాత్రం నా చేతికిచ్చి, గొడుగు కింద కొంచెం చోటిచ్చాడు. నాకు అది చాలు.

ఇంకో తప్పు కూడా చేశాను, తిట్టుకో. "మీ అన్న ఏం రాసిండు" అని అడిగితే నీ ఉత్తరం చదివి వినిపించాను. నీ అనుమతి లేదు. కింద అతనే రాస్తానంటున్నాడు, అక్షరాలకు నవ్వకు.

హరి

దుర్గేష్ బిడ్డా, మంచిగున్నవా. నేను జుమాను. నీ మీద సుత కోపం ఉంది, జెర తగ్గింది. నాకు డాన్స్ రాదు. చూసుడు వస్తది. నీ ఫోటో హరి చూపిచ్చిండు, అండ్ల నువ్వు కనపడలే, పౌడరే కనపడ్డది. మా అమ్మ నాకు అన్ని రంగుల చొక్కాలు కుట్టింది, పసుపుది సుత. మా ఊర్ల నలుపు మీద పసుపు బాగుండదు అంటే నవ్వుతరు. ఆగస్టు తొమ్మిదికి నేను మొదటి లైన్ల కూసుంట. నువ్వు రాకుంటే నేను ఎవరిని చూడాలె.

*

విశాఖపట్నం
జూలై 24

హరీ,

నా ఉత్తరం చదివి వినిపించినందుకు నిన్ను తన్నాలి, వచ్చాక తంతాను. జుమా రాసిన కాగితం నా చొక్కా జేబులోనే ఉంది, కంటైనర్ల దగ్గర నిలబడి ఎన్నిసార్లు చదివానో. ఆ 'బిడ్డా' అన్న చోట ప్రతిసారీ ఆగుతున్నాను. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడట కదా.

యామినికి ఫోన్ చేశాను. ఐటం పేరేమిటి అంది. దుర్గేష్ అన్నాను. "అంతేనా, జనం వస్తారా" అంది. ఒకడు ఖాయంగా వస్తాడు, మొదటి వరసలో ఉంచు అన్నాను. పాట ఇంకా ఎంచలేదు. ఇంత హుషారు డాబా మీద నా మొదటి ఐటంకి కూడా లేదు.

ఆ రేకు పెట్టెలో మూట తీసి పారెయ్యి. చీటీ మాత్రం ఉంచు, మనిద్దరికీ అప్పుడప్పుడు చూసుకోవడానికి పనికొస్తుంది. తుకారాం మామ మోకాలికి ఇక్కడ మంచి తైలం దొరికింది, తెస్తున్నాను. ఆయన ముందు కూర్చుని ఒక మాట అడగాలని ఉంది, పోతరాజు గురించి కాదు, ఆయన గురించి.

ఆరో తేదీ ఉదయం సికింద్రాబాద్‌లో దిగుతాను. స్టేషన్‌కి ఇద్దరూ రండి. నన్ను గుర్తు పట్టడానికి కొంచెం టైము పడుతుంది మీకు, ముఖానికి ఏమీ రాసుకోకుండా దిగుతున్నాను.

ఇక పని. చొక్కా ఒకటి కుట్టు, మామూలు చొక్కా, పొడుగు చేతులు. మెరుపులు వద్దు, చమ్కీ వద్దు. గుండీలు జుమా కుట్టాలి. నడుము దగ్గర రెండంగుళాలు వదులు పెట్టు. రంగు నువ్వు అడగనక్కర్లేదు. కొట్టొచ్చినట్టు కనబడాలి.

దుర్గేష్